1944లో ఒక బస్సు సీటు, ఒక హోటల్ గది: యుద్ధకాలపు నల్లజాతి ఆటగాళ్ల గురించి తెలిసినవాళ్లు రాయండి

గ్రౌండ్‌మ్యాన్_ఒంగోలు:
నేను మా ఊళ్లో పిల్లలకి క్రికెట్ నేర్పుతాను. పోయిన నెల వానకి ప్రాక్టీస్ ఆగిపోతే అందరినీ షెడ్డు కింద కూర్చోబెట్టి జాకీ రాబిన్సన్ కథ మొదలుపెట్టాను. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగాడు, అంతకుముందు అరవై ఏళ్లపాటు అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోకి నల్లవాళ్లని రానివ్వలేదు, ఇలా చెప్పుకుంటూ పోతుంటే ఒక పాప "మరి యుద్ధం అప్పుడు ఆయన ఎక్కడున్నాడు సార్?" అంది. నాకు తెలిసింది రెండు ముక్కలే, మిలటరీలో ఉన్నాడు, బస్సులో ఏదో గొడవైంది. పిల్లలకి తప్పు చెప్పకూడదు కదా. చదివినవాళ్లు, ఆ ఊళ్లు చూసినవాళ్లు ఉంటే కాస్త రాయండి.

కిలీన్_వాసి:
మాస్టారూ, నేనుండేది టెక్సాస్‌లో, ఆ బస్సు గొడవ జరిగిన మిలటరీ బేస్ పక్కనే. అప్పట్లో దాన్ని క్యాంప్ హుడ్ అనేవారు. 1944 జులై 6 రాత్రి లెఫ్టినెంట్ రాబిన్సన్ బేస్‌లో బస్సెక్కి, తోటి నల్లజాతి అధికారి భార్య కనిపిస్తే ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె ఒంటి రంగు బాగా తెలుపు. డ్రైవర్ ఆమెని తెల్లావిడ అనుకున్నాడు, ఈయన్ని వెనక్కి వెళ్లి కూర్చోమన్నాడు. రాబిన్సన్ కదల్లేదు. ఆర్మీ బస్సుల్లో వేరు సీట్లు ఉండకూడదని తనకి తెలుసని ఆయనే తర్వాత చెప్పాడు. ఆఖరి స్టాపులో మిలటరీ పోలీసులు వచ్చారు, తీసుకెళ్లి ప్రశ్నలు వేశారు, అక్కడ ఆయన్ని అనరాని మాట అన్నారు, ఆయన ఊరుకోలేదు, దాంతో కేసు పెద్దదైంది.

నన్ను బాగా కదిలించింది ఏంటంటే, ఆయన బెటాలియన్ కమాండర్ కల్నల్ బేట్స్ కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. తెల్లాయనే. అప్పుడు ఏం చేశారో తెలుసా, రాబిన్సన్‌ని వేరే బెటాలియన్‌కి మార్చి అక్కడి కమాండర్‌తో సంతకం పెట్టించుకున్నారు. పైగా చివరికి విచారణకి వచ్చిన ఆరోపణల్లో బస్సు ఊసే లేదు, అధికారిని అగౌరవపరిచాడు, ఆజ్ఞ పాటించలేదు, అంతే. ఆగస్టు 2న నిర్దోషి అన్నారు. ఆయన మొదట ఉన్న 761వ ట్యాంక్ బెటాలియన్ ఆయన లేకుండానే యూరప్ వెళ్లిపోయింది.

కారు లేని రోజుల్లో నేనూ ఇక్కడ బస్సెక్కేవాణ్ణి. డ్రైవర్ వెనక మొదటి సీటు, ఏసీ గాలి బాగా తగులుతుందని. ఇదంతా చదివాక ఒకరోజు అదే సీట్లో కూర్చుంటే ఒళ్లు అదోలా అయిపోయింది.

బాక్సింగ్_సుబ్బారావు:
రాబిన్సన్ ఆఫీసర్ ఎలా అయ్యాడో కూడా చెప్పండి మాస్టారూ. 1942లో కాన్సస్‌లోని ఫోర్ట్ రైలీలో ఆఫీసర్ ట్రైనింగ్‌కి అర్హత ఉండి కూడా నల్లవాళ్లని ఊరికే కూర్చోబెట్టారు. అదే బేస్‌లో జో లూయీ ఉన్నాడు, ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్. ఆయన వాషింగ్టన్‌లో యుద్ధ శాఖలో తెలిసినవాళ్లకి విషయం చేరేశాకే దారి తెరుచుకుంది. 1943 జనవరిలో రాబిన్సన్ సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు.

ఇంకోటి. అదే ఫోర్ట్ రైలీలో రాబిన్సన్ బేస్‌బాల్ జట్టులో ఆడతానని వెళ్తే, నల్లవాళ్ల జట్టులో ఆడుకో అన్నారట. అలాంటి జట్టే అక్కడ లేదు! అక్కడే ఉన్న పీట్ రైజర్ అనే ఆటగాడు తర్వాత చెప్పిన సంగతి ఇది, రాబిన్సన్ ఒక్క మాట కూడా అనకుండా వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోయాడని. ఆ నడకని ఊహించుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

వరంగల్_శ్రీను:
సుబ్బారావు గారూ, జో లూయీ మీద నాకెప్పుడూ ఒక బాధ. 1942 జనవరిలో బడ్డీ బేర్‌తో టైటిల్ ఫైట్ ఆడి వచ్చిన డబ్బు నేవీ సహాయ నిధికి ఇచ్చేశాడు. అదే నేవీలో అప్పుడు నల్లవాళ్లకి దొరికేది వంటింటి పని, వడ్డన పని. వాళ్లకెందుకు ఇవ్వాలి? సాటి నల్లవాళ్లే అప్పట్లో ఆయన్ని అడిగారు.

బాక్సింగ్_సుబ్బారావు:
శ్రీనూ, నేనూ కుర్రాడిగా ఉన్నప్పుడు అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఆయన సైన్యంలో చేరాక సైనికుల ముందు తొంభైకి పైగా ఎగ్జిబిషన్ బౌట్లు (ప్రదర్శన పోటీలు) ఆడాడు, నల్లవాళ్లని వేరుగా కూర్చోబెడితే రింగ్ ఎక్కనన్నాడు. అలబామా క్యాంపులో బస్ డిపో దగ్గర తెల్లవాళ్ల వైపు ఉన్న ఫోన్ వాడుకున్నాడని మిలటరీ పోలీసు మీదికొస్తే, ఆయనా ఇంకో బాక్సర్ షుగర్ రే రాబిన్సనూ (జాకీ కాదు) ఎదురు నిలబడ్డారు, ఇద్దర్నీ పట్టుకెళ్లారు కూడా. నోటితో పెద్దగా చెప్పేవాడు కాదు, అంతే. ఆ మనిషినే తర్వాత పన్ను బాకీలు ఏళ్ల తరబడి పీడించాయి, అది మాత్రం నాకూ మింగుడుపడదు.

లండన్_పద్మ:
అందరూ అమెరికా గురించే రాస్తున్నారు, క్రికెట్ పిల్లలకి చెప్పాల్సింది లియరీ కాన్‌స్టంటైన్ గురించి! ట్రినిడాడ్ ఆల్‌రౌండర్, మెరుపు ఫీల్డర్. మనకి చుట్టరికం కూడా ఉంది, 1934లో మన హైదరాబాద్ మోయినుద్దౌలా గోల్డ్ కప్‌లో ఆడాడు.

యుద్ధంలో ఆయన బ్రిటన్ కార్మిక శాఖలో పనిచేసేవాడు, లివర్‌పూల్‌లో వెస్టిండీస్ నుంచి వచ్చిన కార్మికుల బాగోగులు చూసేవాడు. 1943 జులై ఆఖరులో లార్డ్స్‌లో మ్యాచ్ ఆడటానికి భార్యనీ కూతుర్నీ తీసుకుని లండన్ వచ్చాడు. రసెల్ స్క్వేర్‌లో ఇంపీరియల్ హోటల్‌లో నాలుగు రాత్రులకి గది. నల్లవాళ్లమని ఇబ్బంది ఏమీ ఉండదు కదా అని ముందే అడిగి మరీ బుక్ చేసుకున్నాడు. తీరా దిగాక, ఒక్క రాత్రే ఉండండి, హోటల్‌లో దిగిన అమెరికన్ల నుంచి అభ్యంతరం వస్తుంది అన్నారు. పక్కనే ఉన్న ఇంకో హోటల్‌కి మారాడు, లార్డ్స్‌కి వెళ్లి ఆడాడు, తర్వాత దావా వేశాడు.

నేను ఆ చౌక్ మీదుగా మూడేళ్లు ఆఫీసుకి నడిచాను. పాత భవనం కూల్చేశారు, అదే చోట అదే పేరుతో ఇంకోటి ఉంది. సూట్‌కేసులు లాక్కుంటూ లోపలికి వెళ్లేవాళ్లని చూస్తుంటే, ముందే అడిగి మరీ వచ్చిన ఆ మనిషి కౌంటర్ దగ్గర ఏ ముఖంతో నిలబడ్డాడో, పక్కన కూతురు ఏం విందో అనిపించేది.

కిలీన్_వాసి:
పద్మక్కా, తీర్పు ఎప్పుడొచ్చింది?

లండన్_పద్మ:
1944 జూన్ ఆఖర్లో తమ్ముడూ. ఆయన గెలిచాడు. నువ్వు రాసిన బస్సు గొడవకి సరిగ్గా కొన్ని రోజుల ముందు.

పాత_హాకీ_ప్లేయర్:
ఇది చదివి రాయకుండా ఉండలేకపోతున్నా. తొంభైల్లో మా జిల్లా అమ్మాయిల జట్టు ఒక టోర్నమెంటుకి వెళ్తే, మాకు బస ఇచ్చిన ఇంట్లో అందరికీ స్టీలు గ్లాసుల్లో నీళ్లిచ్చి, మా సెంటర్ ఫార్వర్డ్‌కి మాత్రం దోసిలి పట్టమన్నారు. ముందురోజు మా గోల్స్ రెండూ కొట్టింది ఆ పిల్లే. మా కెప్టెన్ ఏమీ అనలేదు, చేతిలో గ్లాసు గట్టు మీద పెట్టి తనూ దోసిలి పట్టింది. ఒకరి తర్వాత ఒకరం అందరం పట్టాం. నీళ్లు మోచేతుల మీదుగా కారి జెర్సీలు తడిసిపోయాయి. ఆ ఇంటావిడ కాసేపు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కల్నల్ బేట్స్ సంతకం పెట్టనన్నాడని చదవగానే నాకు మా కెప్టెన్ గుర్తొచ్చింది.

వరంగల్_శ్రీను:
అక్కా, ఇది పిల్లలకి చెప్పాలి మాస్టారు, రాబిన్సన్ కంటే ముందు.

గ్రౌండ్‌మ్యాన్_ఒంగోలు:
అన్నీ చెప్పాను. నిన్న షెడ్డు కిందే, వాన లేకపోయినా. హాకీ అక్క సంగతి చెప్తున్నప్పుడు ఇద్దరు పిల్లలు తలవంచుకున్నారు, ఎందుకో నేను అడగలేదు. మొదట ప్రశ్న వేసిన పాప మళ్లీ అడిగింది, కాన్‌స్టంటైన్‌కి కోర్టు ఎంత ఇప్పించింది అని. పద్మ గారూ, తెలిస్తే చెప్పండి.

లండన్_పద్మ:
5 గినీలు. అంటే 5 పౌండ్ల 5 షిల్లింగులు. రంగు చూసి గెంటేయడం తప్పు అనే చట్టం అప్పుడు ఇంగ్లండ్‌లో లేదు మాస్టారూ, ప్రయాణికుడికి సత్రంవాడు చోటివ్వాలన్న పాత నియమం ఒక్కటి పట్టుకునే ఆయన గెలిచాడు, అంతకుమించి ఇప్పించే వీలు లేదని జడ్జి బర్కెట్ అన్నాడు. అసలు చట్టం 1965లో వచ్చింది. ఇంకోటి కూడా చెప్పండి పాపకి. 1945 ఆగస్టులో లార్డ్స్‌లో ఇంగ్లండ్ మీద డొమినియన్స్ జట్టు (ఆస్ట్రేలియా లాంటి బ్రిటిష్ సామ్రాజ్య దేశాల ఆటగాళ్ల జట్టు) ఆడాల్సి ఉంటే కెప్టెన్ హాసెట్‌కి ఒంట్లో బాగోలేదు. మిగతా ఆటగాళ్లు, అందరూ తెల్లవాళ్లే, కలిసి కాన్‌స్టంటైన్‌ని కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. 45 పరుగులతో గెలిచారు.