సీబీ1 నాకౌట్ ఎలుకలు: మందు ఇవ్వకముందే హాట్ ప్లేట్ రీడింగ్ ఎక్కువొస్తోంది, తప్పెక్కడ?

రెండో ఏడు:
అందరికీ నమస్కారం. జర్మనీలో ఫార్మకాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాను. మా దగ్గర సీబీ1 రిసెప్టర్ (గంజాయి పదార్థాలు మెదడులో అతుక్కునే ప్రొటీన్) జీన్ తీసేసిన ఎలుకలున్నాయి, అంటే నాకౌట్‌లు, బ్లాక్ 6 స్ట్రెయిన్ (ల్యాబ్ ఎలుకల ఒక జాతి) మీద. గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీతో నొప్పి తగ్గేది సీబీ1 వల్లేనా అని తేల్చడం నా పని. మామూలు ఎలుకలో మందు పనిచేస్తుంది, నాకౌట్‌లో చేయదు, అంతే కదా అనుకున్నాను. తీరా చూస్తే మందు కలపని వెహికల్ ఇచ్చిన నాకౌట్‌లే 55 డిగ్రీల హాట్ ప్లేట్ మీద ఆలస్యంగా పాదం నాకుతున్నాయి, అంటే నొప్పికి ఆలస్యంగా స్పందిస్తున్నాయి. పైగా తోకకి వేడి తగిలిస్తే ఎంతసేపటికి లాక్కుంటుందో చూసే టెయిల్ ఫ్లిక్‌లో నాకౌట్‌లకూ టీహెచ్‌సీ పనిచేస్తోంది! జెనోటైపింగ్ (ఏ ఎలుకలో జీన్ పోయిందో తేల్చే పరీక్ష) తప్పా, నా చెయ్యి తప్పా? వచ్చే వారం ల్యాబ్ మీటింగ్, టెన్షన్‌గా ఉంది. డోస్ మార్చి చూడనా?

ఎలుకల గది అక్క:
డోస్ జోలికి ఇప్పుడే వెళ్లకు తమ్ముడూ. నువ్వు చూసిన రెండూ పాతవే. 1999లో ఈ ఎలుకల్ని రెండు బృందాలు విడివిడిగా తయారు చేశాయి. బ్రస్సెల్స్‌లో లెడెంట్ వాళ్లు సీడీ1 స్ట్రెయిన్ మీద, అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో జిమ్మర్ వాళ్లు బ్లాక్ 6 మీద. నీవి జిమ్మర్ లైన్ అయ్యుంటాయి. ఆ లైన్ మీద వచ్చిన మొదటి పేపర్ తీసి చదువు. మందు లేకుండానే అవి తక్కువ తిరుగుతాయి, రింగ్ మీద పెడితే ఎక్కువసేపు కదలవు, హాట్ ప్లేట్ నొప్పికి ఆలస్యంగా స్పందిస్తాయి. టీహెచ్‌సీ ఇచ్చినప్పుడు ఒళ్లు చల్లబడటం, కదలిక తగ్గడం, కొయ్యబారిపోవడం ఈ మూడూ పోయాయి గానీ, టెయిల్ ఫ్లిక్‌లో నొప్పి తగ్గడం మాత్రం మిగిలిపోయింది.

అందుకని నొప్పి సంగతి పక్కనపెట్టి ముందు టెంపరేచర్ తీయి. టీహెచ్‌సీ ఇచ్చే ముందు ఒకసారి, గంట తర్వాత ఒకసారి. మామూలు ఎలుక చల్లబడాలి, నాకౌట్ చల్లబడకూడదు. నాకౌట్ అని రాసున్న ఎలుక బాగా చల్లబడిందంటే అప్పుడు జెనోటైపింగ్‌ని అనుమానించు. మలద్వారంలో పెట్టే ప్రోబ్‌కి వాజిలీన్ రాసి ప్రతిసారీ ఒకే లోతుకి పెట్టు. నాలుగైదు రోజుల ముందు నుంచీ చేతిలోకి తీసుకుని అలవాటు చెయ్యి, లేకపోతే భయానికే టెంపరేచర్ పెరుగుతుంది.

అన్నట్టు, నీ మామూలు ఎలుకలు ఎక్కడివి?

రెండో ఏడు:
బయట సప్లయర్ దగ్గర కొన్నవి అక్కా. బ్లాక్ 6 కాబట్టి ఒకటేలే అనుకున్నాం.

ఎలుకల గది అక్క:
అసలు తప్పు అక్కడుంది. పేరు ఒకటే అయినా అవి పెరిగిన గది వేరు, తల్లి వేరు, తిండి వేరు. అదీగాక ఏళ్ల తరబడి విడిగా పెంచిన కాలనీ మెల్లగా దారి మళ్లుతుంది. నాకౌట్ తయారీకి వాడిన స్టెమ్ సెల్ వేరే స్ట్రెయిన్‌దైతే, ఎన్ని తరాలు బ్యాక్‌క్రాస్ చేసినా (బ్లాక్ 6తో మళ్లీ మళ్లీ కలిపినా) తీసేసిన జీన్‌కి అటూ ఇటూ ఉన్న ముక్కలు వెంటే వస్తాయి. దీనికి పూర్తి మందు లేదు, కానీ ఒక ఈతలో పుట్టిన తోబుట్టువుల్ని పోల్చుకుంటే మిగతా తేడాలన్నీ తగ్గుతాయి. హెటిరో (జీన్ రెండు కాపీల్లో ఒకటే పోయిన) ఆడా మగా కలుపు. సగటున నాలుగింట ఒకటి నాకౌట్, ఒకటి మామూలు, రెండు హెటిరో. పది మగ నాకౌట్‌లు కావాలంటే దాదాపు 80 పిల్లలు పుట్టాలి. మీ గైడ్‌కి ఈ లెక్క ముందే చెప్పు, తర్వాత కేజీలు చాలవని గొడవవుతుంది.

ఇంకోటి, నొప్పి తగ్గుదలని శాతంలో లెక్కేస్తున్నావు కదా, అంటే మందుతో పెరిగిన సెకన్లని కటాఫ్‌కీ (ఎలుకని ప్లేట్ మీంచి తీసేసే టైం) బేస్‌లైన్‌కీ (మందు ముందు రీడింగ్) ఉన్న తేడాతో భాగించి? కటాఫ్ 30 సెకన్లు అనుకో. మామూలు ఎలుక బేస్‌లైన్ 8, నాకౌట్‌ది 14. ఇద్దరికీ మందుతో 8 సెకన్లే పెరిగినా మామూలుదానికి 36 శాతం, నాకౌట్‌కి 50 శాతం వస్తుంది. నాకౌట్‌లో మందు ఇంకా బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది! శాతాలతో పాటు విడి సెకన్లు కూడా గ్రాఫ్‌లో పెట్టు.

పీసీఆర్ మాస్టారు:
అమ్మాయి చెప్పింది నిజం. నేను రెండు మాటలు కలుపుతాను. పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కని పెంచి చూసే పరీక్ష) మూడు ప్రైమర్లూ (ఆ ముక్కని గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏలు) ఒకే ట్యూబ్‌లో వేస్తున్నారా? మామూలు బ్యాండ్ రాలేదు కాబట్టి నాకౌట్ అని రాయకూడదు, తీసేసిన జీన్ చోట పెట్టిన నియో క్యాసెట్ బ్యాండ్ కళ్లారా కనిపించాలి. డీఎన్‌ఏ పాడైనా బ్యాండ్ రాదు కదా. మా దగ్గర ఒకసారి హెటిరో ఎలుక ఇలాగే నాకౌట్ కేజీలో నెల రోజులు హాయిగా తిరిగింది.

నాకౌట్ ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఆ ఎలుక పుట్టకముందు నుంచే సీబీ1 లేకుండా పెరిగింది, మెదడు ఏదో ఒకలా సర్దుకుని ఉండొచ్చు. మామూలు ఎలుకకి ముందు సీబీ1ని అడ్డుకునే రిమోనాబాంట్ ఇచ్చి తర్వాత టీహెచ్‌సీ ఇవ్వండి. రెండు దారుల్లోనూ ఒకే జవాబొస్తే ధైర్యంగా మాట్లాడొచ్చు. టీహెచ్‌సీకి బదులు ల్యాబ్‌లో తయారైన విన్ 55,212-2 వాడే ఆలోచన ఉంటే మాత్రం జాగ్రత్త. 2001లోనే ఈ నాకౌట్‌ల మెదడు పొరల్లో, సీబీ1 లేకపోయినా, విన్, ఒంట్లోనే తయారయ్యే ఆనందమైడ్ రెండూ జీ ప్రొటీన్లని (రిసెప్టర్ సంకేతాన్ని కణంలోకి చేరవేసేవి) కదిలించాయని చూపించారు. టీహెచ్‌సీ అలా చేయలేదు.

రేపు సీబీ1కి తోబుట్టువు లాంటి సీబీ2 రిసెప్టర్‌కి వెళితే ఇంకో తంటా. 2000లో వచ్చిన సీబీ2 నాకౌట్‌లో పోయింది జీన్ చివరి భాగమే. ముందు భాగానికి ప్రైమర్లు పెడితే ఆర్‌ఎన్‌ఏ ఉన్నట్టే రావచ్చు. యాంటీబాడీ కొనగానే ముందు నాకౌట్ కణజాలం మీద వేసి చూడండి. అక్కడా రంగు వస్తే ఆ యాంటీబాడీతో పని లేదు.

రెండో ఏడు:
అక్కా, మాస్టారూ, థాంక్స్. టెంపరేచర్ తీశాను. నాకౌట్ అని రాసున్న పన్నెండింటిలో పదకొండు చల్లబడలేదు, ఒకటి చల్లబడింది. దాని చెవి ముక్కతో మళ్లీ పీసీఆర్ చేస్తే రెండు బ్యాండ్లూ వచ్చాయి, హెటిరో! కొన్న ఎలుకల డేటా అంతా పక్కన పెట్టేశాను. గైడ్ గారు కాసేపు మొహం ముడుచుకున్నా బ్రీడింగ్‌కి ఒప్పుకున్నారు. నిన్న మూడు జతలు వేశాను.