అప్‌డేట్: హ్యాష్ ఎందుకు కలవలేదో తేలింది

టార్ (వాడేవాళ్లు ఎవరో తెలియకుండా దాచే నెట్‌వర్క్) మీదుగా ఫైళ్లు పంపే మా చిన్న టూల్‌కి డెబియన్ (ఒక రకం లినక్స్) ప్యాకేజీ కడుతుంటే, ఒకే కోడ్‌కి నా ల్యాప్‌టాప్‌లో ఒక హ్యాష్ (ఫైల్‌లో ఏ చిన్న తేడా ఉన్నా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య), ఫ్రెండ్ మెషీన్‌లో ఇంకో హ్యాష్ వస్తోందని పోయిన వారం అడిగాను కదా. దొరికింది.

డిఫోస్కోప్‌తో (రెండు ఫైళ్ల మధ్య తేడాలు చూపించే టూల్) పోల్చి చూడమన్నవాళ్లకు థ్యాంక్స్. రెండు ప్యాకేజీలూ దానికి ఇవ్వగానే తల కొట్టేసినట్టయింది. బైనరీ (కోడ్ నుంచి తయారై, మెషీన్‌లో నడిచే ఫైల్) లోపల చాలాచోట్ల నా హోమ్ ఫోల్డర్ పాత్ (మెషీన్‌లో అది ఉన్న చోటు), అందులో నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా! ఎవరో తెలియకుండా ఉండటానికి చేసిన సాఫ్ట్‌వేర్‌లో చేసినవాడి పేరే బయటపడుతోంది. గో భాష కంపైలర్ (కోడ్‌ని బైనరీగా మార్చేది) మామూలుగా సోర్స్ ఫైళ్ల పూర్తి పాత్‌ని బైనరీలో రాసేస్తుందట. ఫ్రెండ్ మెషీన్‌లో ఆ పాత్ వేరు కాబట్టి హ్యాష్ మారింది. పాత్‌ని తీసేసే ట్రిమ్‌పాత్ ఆప్షన్ పెట్టాక పోయింది.

ఇంకో తప్పు అచ్చంగా నాదే. ముచ్చటపడి వెర్షన్ పక్కన బిల్డ్ టైమ్ (ప్యాకేజీ కట్టిన సమయం) కలిపాను, అది కట్టిన ప్రతిసారీ మారుతుంది. ఇప్పుడది చేంజ్‌లాగ్‌లోని (మార్పుల చిట్టా) తేదీ నుంచే వస్తుంది.

హ్యాష్ కలవడానికి ఇంత తంటా ఎందుకని ఒకరడిగారు. బిల్డ్ మెషీన్‌లోకి ఎవడైనా దూరి ఏదైనా కలిపితే, ఆ ప్యాకేజీ హ్యాష్ వేరేచోట కట్టినవాళ్ల హ్యాష్‌తో కలవదు, దొరికిపోతాడు. టార్ బ్రౌజర్ వాళ్లు 2013 నుంచే ఇలా, ఎక్కడ కట్టినా ఒకే హ్యాష్ వచ్చేలా కడుతున్నారు.

పాత ప్యాకేజీ తీసేశాను. ఈలోపు దించుకున్నవాళ్ల దగ్గర మాత్రం నా పేరు ఉండిపోయినట్టే.