మార్పిడికి అవకాశం లేని రోగికి కృత్రిమ కాలేయ యంత్రం పెట్టవచ్చా?

వైదేహి: ముదిరిన కాలేయ వైఫల్యంతో ఐసీయూలో ఉన్న రోగికి కాలేయ మార్పిడి కుదరదని తేలిన తరువాత కూడా ఆల్బుమిన్ డయాలసిస్, అంటే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ సాయంతో రక్తంలోని విషాలను తొలగించే చికిత్స, చేయవచ్చా అన్నది నా ప్రశ్న. మా అన్నయ్యకు ఆ పని చేసే మార్స్ యంత్రం పెట్టినప్పుడు కామెర్లకు కారణమయ్యే బిలిరుబిన్ బాగా దిగింది కనుక, చేయవలసిందేనని నేను నమ్ముతున్నాను.

భాస్కర్: బిలిరుబిన్ దిగిందంటే యంత్రం పని చేసిందని అర్థం, కాలేయం కోలుకున్నదని కాదు. ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకొని తిరిగే బిలిరుబిన్, పైత్య ఆమ్లాలు మామూలు డయాలసిస్‌కు లొంగవు కాబట్టి, మార్స్‌లో పొరకు అవతలి వైపు ఆల్బుమిన్ ద్రావణాన్ని ప్రవహింపజేసి వాటిని తొలగిస్తారు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లను మాత్రం అది తయారు చేయలేదు. మార్స్‌పై 189 మంది రోగులతో జరిపి 2013లో ప్రచురించిన రిలీఫ్ పరీక్షలో బిలిరుబిన్, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ తగ్గినా, 28 రోజుల మనుగడలో చెప్పుకోదగిన తేడా రాలేదు.

శ్రీలత: అదే కోవకు చెందిన ప్రొమీథియస్ యంత్రంపై 2012లో వెలువడిన హీలియోస్ పరీక్షలోనూ మొత్తం మీద ఫలితం అదే.

వైదేహి: అదే హీలియోస్‌లో కాలేయ జబ్బు తీవ్రతను కొలిచే మెల్డ్ స్కోరు 30 దాటిన వారికి మేలు కనిపించింది కదా, దానిని ఎందుకు వదిలేస్తున్నారు? మా అన్నయ్య స్కోరు అంతకంటే ఎక్కువే.

భాస్కర్: ఒక ఉపవర్గంలో కనిపించిన మేలు మరో పరీక్షలోనూ నిలబడితే తప్ప దానిపై చికిత్సను నిర్ణయించలేము.

రఘురాం: 2016లో అధిక పరిమాణంలో ప్లాస్మా మార్పిడి, అంటే రోగి రక్తంలోని ద్రవభాగాన్ని తీసి దాతల ప్లాస్మా ఎక్కించడం, చేసిన పరీక్షలో మనుగడ 47.8 శాతం నుండి 58.7 శాతానికి పెరిగింది.

భాస్కర్: రఘురాం గారూ, అది అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న కాలేయం హఠాత్తుగా విఫలమైన వారి సంగతి. కాలేయం మచ్చలు పడి గట్టిపడే సిరోసిస్ ముదిరిన రోగికి ఆ అంకెలు వర్తించవు.

వైదేహి: మీ అంకెలలో మనిషి 28వ రోజున ఉన్నాడా లేడా అన్నదే లెక్క. చికిత్స తరువాత మగత వీడి అన్నయ్య మమ్మల్ని గుర్తుపట్టాడు, పిల్లలకు చెప్పవలసినవి చెప్పాడు. అది మీ దృష్టిలో ఫలితం కాదా?

సుజాత: ఐసీయూ నర్సుగా ఒక మాట చెబుతాను. అలా తేరుకున్న వారిని చూశాను, ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తస్రావమైన వారినీ చూశాను.

భాస్కర్: వైదేహి గారూ, మా నాన్నగారికి మార్పిడి జరగదని వైద్యులకు ముందే తెలుసు. అయినా మార్పిడి దాకా యంత్రం ఆదుకుంటుందని మాతో చెప్పి, ఆయన చివరి రోజులన్నీ గొట్టాల మధ్యనే గడిపించారు. నిజం చెప్పి ఉంటే ఆయనను ఇంటికి తీసుకువెళ్ళేవాళ్ళం.

వైదేహి: మాకు అంతా ముందే చెప్పారు, తెలిసే ఒప్పుకున్నాము. మీతో నిజం దాచింది మనుషులైతే యంత్రాన్ని ఎందుకు వద్దంటున్నారు?

భాస్కర్: ఆశతో ఉన్న కుటుంబానికి ఆ నిజాన్ని విడమరచి చెప్పే పద్ధతి అన్నిచోట్లా లేదు కాబట్టి. అది ఏర్పడేవరకు, మార్పిడి కుదరని వారికి పరిశోధనలలో తప్ప దీనిని వాడకూడదనే అంటాను.

వైదేహి: అప్పుడు అన్నీ తెలిసి ఆ కొద్ది రోజులు కోరుకునే వారికి దారి మూసినట్లే. అందుకు నేను ఒప్పుకోను.