ఆర్యభట బిలాన్ని ఏ తిథి నాడు చూడాలి?

వేగుచుక్క అడిగిన ప్రశ్న

నమస్కారం. చంద్రుని మీద ఆర్యభటుని పేరు పెట్టిన బిలం ఒకటి ఉందని చాలామందికి తెలిసినా, దాన్ని స్వయంగా టెలిస్కోపులో చూసినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. అది చంద్రుని మీద ప్రశాంతి సాగరం అనే నల్లని మైదానపు తూర్పు భాగంలో, 6.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 35.1 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నదని, వ్యాసం సుమారు 22 కిలోమీటర్లని పటంలో చదివాను. మా ఊరి ఉన్నత పాఠశాల పిల్లలకు 70 మిల్లీమీటర్ల టెలిస్కోపులో దాన్ని చూపించాలని ఉంది. అయితే పౌర్ణమి నాడు ఆ ప్రాంతమంతా ఒకే బూడిదరంగుగా కనబడుతుంది తప్ప అక్కడ బిలం ఆకారమేదీ విడిగా తెలియడం లేదు. ఏ రోజు చూడాలో పంచాంగాన్ని బట్టి చెప్పగలిగితే పిల్లలను ముందుగానే సిద్ధం చేయగలను.

మరొక సందేహం కూడా ఉంది. అంతరిక్ష నౌకలు తీసిన చిత్రాల్లో అది పూర్తి వలయంగా కాక, తూర్పు వైపు ఒక వంపుగా మాత్రమే కనబడుతున్నది. అంత గొప్ప శాస్త్రవేత్తకు సగం చెరిగిపోయిన బిలాన్ని ఎందుకు ఇచ్చారని పిల్లలు అడిగితే ఏమని చెప్పాలి?

చాంద్రమానం ఇచ్చిన జవాబు

వేగుచుక్క గారూ, పంచాంగాన్ని బట్టి చెప్పమని మీరు అడగడం ఎంతో సముచితంగా ఉంది. ఈ ప్రశ్నకు తిథి ఇచ్చినంత సూటిగా జవాబు ఇంగ్లీషు తేదీ ఇవ్వలేదు. సూర్యచంద్రుల మధ్య కోణదూరం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి పూర్తవుతుంది. చంద్రబింబం మీద వెలుగుకూ చీకటికీ మధ్య సరిహద్దు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది కూడా ఆ కోణమే. అమావాస్య ముగిసే క్షణంలో కోణం సున్నా కనుక మనకు కనబడే ముఖమంతా చీకటిలో ఉంటుంది, సూర్యోదయ రేఖ తూర్పు అంచున, అంటే 90 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలుస్తుంది. కోణం ఎన్ని డిగ్రీలు పెరిగితే ఆ రేఖ దాదాపు అన్ని డిగ్రీలు పడమరకు జరుగుతుంది. ఆర్యభట బిలం 35 డిగ్రీల తూర్పున ఉంది. అక్కడ తెల్లవారాలంటే 90లో 35 పోగా మిగిలిన 55 డిగ్రీల కోణం ఏర్పడాలి. నాలుగు తిథులకు 48 డిగ్రీలు, ఐదు తిథులకు 60 డిగ్రీలు కనుక అది శుద్ధ పంచమిలో పడుతుంది. పౌర్ణమి తరువాత మళ్ళీ 55 డిగ్రీలు గడిచాక, బహుళ పంచమిలో, అక్కడ పొద్దు గుంకుతుంది.

కాబట్టి శుద్ధ పంచమి సాయంత్రం, కుదరకపోతే షష్ఠి సాయంత్రం చూడండి. అప్పుడు చంద్రుడు పడమటి ఆకాశంలో ఉండి రాత్రి పది గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు కనుక పిల్లలు మేలుకొని ఉండవలసిన అవసరం కూడా రాదు. ఆ బిలం దగ్గర సూర్యుడు అప్పుడే పైకి వస్తుంటాడు, అందువల్ల కొద్దిపాటి గట్టుకు కూడా పొడవాటి నీడ పడుతుంది. పౌర్ణమి నాడు అక్కడ సూర్యుడు 54 డిగ్రీల ఎత్తున ఉంటాడు. నీడలు కురచబారిపోతాయి కనుక మీకు ఆకారం తెలియకపోవడం సహజం.

ఒక జాగ్రత్త చెప్పాలి. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖాన్ని మనవైపు తిప్పి ఉంచినా, ఆ ముఖం తూర్పు పడమరలుగా ఎనిమిది డిగ్రీల వరకు అటూఇటూ ఊగుతూ కనబడుతుంది. అందువల్ల ఒక్కొక్క నెలలో ఆ సూర్యోదయం చవితి చివరికో, షష్ఠి మొదటికో జరగవచ్చు. పంచమి నాడు ఆ చోటు ఇంకా చీకట్లోనే ఉంటే నిరుత్సాహపడకుండా మరునాడు చూడండి.

వెతికే దారి ఇది. తూర్పు అంచుకు దగ్గరగా, విడిగా, కోలగా కనబడే నల్లని మచ్చ క్రిసియం సాగరం. దానికి నైరుతిగా విస్తరించినది ప్రశాంతి సాగరం. అందులో తూర్పు భాగాన కోషీ అనే 12 కిలోమీటర్ల బిలమూ, దాని పక్కనే సన్నని గీతలాగా నేల విరిగి ఏర్పడిన కోషీ అంచూ కనబడతాయి. అక్కడి నుంచి నైరుతికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో మీరు వెతుకుతున్న వంపు ఉంటుంది. 22 కిలోమీటర్లంటే మన కంటికి దాదాపు 12 వికలల కోణం (డిగ్రీలో 3600వ వంతు ఒక వికల) కనుక మీ టెలిస్కోపుకు అది కష్టమైన లక్ష్యం కాదు.

నల్లశిల ఇచ్చిన జవాబు

రెండవ సందేహానికి నేను జవాబు చెబుతాను. అది మొదట అన్ని బిలాల వలెనే పూర్తి వలయంగా ఏర్పడినది. ఆ తరువాత చంద్రుని లోపలి నుంచి పొంగివచ్చిన లావా ఆ పల్లాన్నంతా నింపింది. బిలం అడుగు, పడమటి గోడ అందులో మునిగిపోగా, తూర్పు గోడ పైభాగం మాత్రం నిండిన చెరువులో మిగిలిన పాత గట్టులాగా బయట నిలిచింది. ఆ లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లని బసాల్టు శిలల మైదానాన్నే మనం ప్రశాంతి సాగరం అంటున్నాము. ఇదే సాగరంలో, ఆర్యభట బిలానికి నైరుతిగా దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, 1969 జూలైలో అపోలో 11 దిగింది; ఆ యాత్రికులు తెచ్చిన బసాల్టు రాళ్ళ వయసు 360 నుంచి 390 కోట్ల సంవత్సరాల మధ్య ఉంటుందని తేలింది. ఆర్యభట బిలం ఆ పొంగుకు ముందే ఏర్పడి ఉండాలి కనుక, మీ పిల్లలు చూడబోయే ఆ చిన్న వంపు చుట్టూ ఉన్న మైదానం కంటే పాతది.

పేరు సంగతికి వస్తే, మనవైపు ముఖంలోని పెద్ద బిలాలకు 1651లో ఇటలీ ఖగోళవేత్త రిచ్చియోలి ప్రచురించిన పటం నాటి నుంచే పేర్లు పెడుతూ వచ్చారు. ఇరవయ్యో శతాబ్దంలో కొత్తవారిని గౌరవించదలచినప్పుడు మిగిలినవి రెండే రకాలు: మనకు ఎన్నడూ కనబడని వెనుక ముఖంలోని బిలాలు, లేదా పక్కనున్న పెద్ద బిలం పేరుకు ఒక అక్షరం తగిలించి పిలుస్తూ వచ్చిన చిన్న బిలాలు. మేఘనాథ్ సాహా, హోమీ భాభా, జగదీశ్ చంద్ర బోస్, శిశిర్ కుమార్ మిత్రాల పేర్లు వెనుక ముఖానికి వెళ్ళాయి. విక్రమ్ సారాభాయ్ బిలం మనవైపే ఉన్నా, దాని వ్యాసం ఎనిమిది కిలోమీటర్ల లోపే. ఆర్యభట బిలం రెండవ రకానికి చెందినది: 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఈ పేరు పెట్టేవరకు దాన్ని ‘మాస్కెలిన్ E’ అనేవారు. మన ఇంటి ముంగిట నుంచి, చిన్న పరికరంతో చూడగలిగే చోట ఆ పేరు ఉండడాన్ని నేను చిన్నచూపుగా భావించను.

గోళపాదం ఇచ్చిన జవాబు

నల్లశిల గారు పాత పేరును ప్రస్తావించారు కనుక ఒక మాట చేర్చాలి. నెవిల్ మాస్కెలిన్ 1765 నుంచి 1811 వరకు ఇంగ్లండు రాజ ఖగోళవేత్త. సముద్రం మీద ఓడ ఏ రేఖాంశంలో ఉన్నదో తెలుసుకోవడానికి ఆయన ఆధ్వర్యంలో 1767వ సంవత్సరం నుంచి వెలువడిన నావిక పంచాంగంలో, సూర్యుని నుంచి, కొన్ని నక్షత్రాల నుంచి చంద్రుడు ఎంత కోణదూరంలో ఉంటాడో మూడు గంటలకొకసారి లెక్కగట్టి ఇచ్చేవారు. చాంద్రమానం గారు పైన చెప్పిన తిథికి ఆధారమైన కోణం అటువంటిదే. చంద్రుని కోణాన్ని కొలిచి జీవితాన్ని గడిపిన ఒకరి పేరు నుంచి మరొకరి పేరుకు ఈ బిలం మారిందన్నమాట.

ఇక ఆర్యభటుడు. ఆయన క్రీ.శ. 476లో పుట్టి, 23 ఏళ్ళ వయసు నాటికి, అంటే 499లో, ఆర్యభటీయాన్ని రచించాడు. సున్నా, పై (π) విలువ వంటి విషయాలే మన సభల్లో ఎక్కువగా వినబడతాయి. ఈ బిలాన్ని చూసే సాయంత్రం పిల్లలకు చెప్పవలసినవి మాత్రం ఆ గ్రంథంలో గోళపాదం అనే భాగంలోని రెండు శ్లోకాలని నా అభిప్రాయం. ఐదవ శ్లోకంలో భూమి, గ్రహాలు, నక్షత్రాల గోళాలన్నింటికీ ఒక సగం తన నీడ వల్లనే చీకటిగా ఉంటుందని, సూర్యునికి ఎదురుగా ఉన్న సగం వెలుగుతుందని చెబుతాడు. నక్షత్రాల విషయంలో అది నిలవలేదు, కాని చంద్రుని విషయంలో పూర్తిగా నిజం. టెలిస్కోపులో కనబడే సరిహద్దు గీత ఆ రెండు సగాల మధ్యదే. పదిహేడవ శ్లోకంలో, చంద్రుని మీద నివసించే పితరులు చాంద్రమాసంలో సగం కాలం పాటు సూర్యుణ్ణి చూస్తారని, మనుషులు ఒక దినంలో సగం పాటు చూస్తారని అంటాడు. పితృలోకం అనే నమ్మకాన్ని పక్కన ఉంచి చూసినా, చంద్రుని మీద ఒక పగలు దాదాపు పదిహేను రోజులన్న అవగాహన ఆ వాక్యంలో స్పష్టంగా ఉంది. శుద్ధ పంచమి నాడు పొద్దు పొడిచి బహుళ పంచమి నాడు గుంకడమంటే అదే కదా.

ఆయన లెక్కలు కూడా చూపించండి. 43,20,000 సంవత్సరాల యుగంలో 157,79,17,500 దినాలు, 5,77,53,336 చంద్ర భ్రమణాలు అని ఆయన ఇచ్చిన సంఖ్యలు. దినాల సంఖ్యను భ్రమణాల సంఖ్యతో భాగిస్తే, చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరిగే కాలం 27.3217 రోజులని వస్తుంది; నేటి కొలత కూడా నాలుగు దశాంశ స్థానాల వరకు అదే. పిల్లలు ఈ భాగహారాన్ని తామే చేసి చూసుకోవచ్చు. అయితే చంద్రుడు జలమయమని కూడా ఆయన రాశాడని దాచకుండా చెప్పండి. ఆయన పేరున్న చోట ఉన్నది చుక్క నీరు లేని రాతి మైదానం.

వేగుచుక్క

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ తిథి లెక్క బిలాలకే కాక వ్యోమనౌకలకు కూడా వర్తిస్తుందా? శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్‌-3 గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు.

చాంద్రమానం

తప్పకుండా వర్తిస్తుంది. విక్రమ్ ల్యాండర్ దిగిన చోటు 69.4 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 32.3 డిగ్రీల తూర్పు రేఖాంశం. రేఖాంశంలో అది ఆర్యభట బిలానికి మూడు డిగ్రీల లోపు తేడాతోనే ఉంది కనుక, రెండు చోట్లా పొద్దు పొడవడం, గుంకడం కొద్ది గంటల తేడాతో జరుగుతాయి. 2023 ఆగస్టు 23న, శుద్ధ సప్తమి సాయంత్రం, అది దిగింది. అప్పటికి అక్కడ తెల్లవారి ఎక్కువ కాలం కాలేదు. సౌరవిద్యుత్తుతో పనిచేసే ల్యాండరుకు పగటికాలం దాదాపు మొత్తం దక్కాలంటే ఆ సమయంలోనే దిగాలి. సెప్టెంబరు 4న, బహుళ పంచమి నాడు, పొద్దు గుంకబోతుండగా దాన్ని నిద్రాణస్థితిలోకి పంపారు. ధ్రువానికి దగ్గరగా ఉండడం వల్ల అక్కడ సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా 20 డిగ్రీలకు మించి పెద్దగా పైకి రాడు, ఆర్యభట బిలం దగ్గరైతే దాదాపు నడినెత్తికి వస్తాడు. విక్రమ్ మీ టెలిస్కోపులో కనబడదు, కాని దక్షిణ అంచుకు దగ్గరగా అది ఉన్న ప్రాంతాన్ని అదే సాయంత్రం వేలుపెట్టి చూపించవచ్చు.