భారం దేవుడి మీద వేశాక మన పని అయిపోయినట్టేనా?

తెల్లకాగితం:
మూడు నెలల్లో ఉద్యోగం పోయింది, నాన్నకు పక్షవాతం వచ్చింది, అప్పు వాయిదాలు తప్పాయి. ఎవరికి చెప్పుకున్నా ఒకటే మాట, "భారం దేవుడి మీద వేసెయ్యి" అని. నాకు దేవుడంటే నమ్మకమే. రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కళ్ళు తెరిచేసరికి మందుల చీటీ ఎదురుగా అలాగే ఉంటుంది. భారం వేయడమంటే అసలు ఏం చేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

చిరుదీపం:
"ఇక నా వల్ల కాదు, నువ్వే దిక్కు" అని మనస్ఫూర్తిగా అనడమే భారం వేయడం. గజేంద్రుడు ఎంత పెనుగులాడినా మొసలి వదల్లేదు. బలం ఉడిగిపోయాక పిలిచాడు. పిలవగానే విష్ణువు ఉన్నపళంగా వచ్చాడు. మీరింకా లెక్కలు వేసుకుంటున్నారు. లెక్కలు మానేయండి. అంతా ఆయనే చూసుకుంటాడు.

మూడోమెట్టు:
"లెక్కలు మానేయండి" అన్నారే, నా అభ్యంతరం అక్కడే. గజేంద్రుడు పిలిచే ముందు వెయ్యేళ్ళు పోరాడాడు. నీళ్ళలో ఉన్నకొద్దీ మొసలి బలం పెరుగుతోంది, ఏనుగు బలం తరుగుతోంది. అయినా కాలు విదిలిస్తూనే ఉన్నాడు. పట్టుకోగానే కళ్ళు మూసుకుని కూర్చోలేదు. ఏమీ చేయకుండా ఆయనే చూసుకుంటాడనడం భక్తి కాదు, బద్ధకం.
తెల్లకాగితం గారూ, అప్పిచ్చినవాళ్ళ దగ్గరికి మీరే ముందు వెళ్ళి గడువు అడగండి. నాన్నగారికి ఫిజియోథెరపీ ఒక్కరోజు కూడా ఆపకండి. పక్షవాతం వచ్చిన మొదటి కొన్ని నెలల్లోనే కోలుకోవడం ఎక్కువగా ఉంటుంది. దణ్ణం కూడా పెట్టుకోండి, వద్దనను.

చిరుదీపం:
వెయ్యేళ్ళు పోరాడి సాధించిందేమిటండీ? కాలు ఒక్క అంగుళమైనా ఊడిందా? ఊడింది పిలిచాకే.

మూడోమెట్టు:
పోరాడకపోతే ఆ పిలుపు దాకా బతికేవాడా? నేను అడుగుతున్నది అదే.

వానమబ్బు:
ఒంటెను వదిలేసి అల్లాను నమ్ముకోనా, కట్టేసి నమ్ముకోనా అని ఒకాయన అడిగితే, కట్టేసి నమ్ముకో అని ప్రవక్త చెప్పారని హదీసు. మా ఇంట్లో ఇదే మాట.

పాతపుటలు:
శ్రీవైష్ణవులు ఈ తగవు వందల ఏళ్ళుగా పడుతూనే ఉన్నారు. వాళ్ళలో వడగలై, తెంగలై అని రెండు శాఖలు. వడగలై వారిది మర్కట కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుని ఉండాలి. తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం. పిల్లిపిల్ల ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. ఒకటి మాత్రం గమనించండి. రెండింట్లోనూ తల్లి దగ్గరే ఉంది.

కలంపోటు:
వెయ్యేళ్ళా, రెండు వేల ఏళ్ళా? ఎవరైనా సరిచూసి చెప్పండి.

మూడోమెట్టు:
వెయ్యే. చిరుదీపం గారు ఇంకా జవాబివ్వలేదు.

చిరుదీపం:
ఇస్తాను. మీరు పుస్తకంలో చదివిన పోరాటం గురించి మాట్లాడుతున్నారు. నేను పదకొండు రోజులు ఐసీయూ బయట ఇనుప కుర్చీలో కూర్చున్నాను. లోపల నా కొడుకు. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చూడనిచ్చేవారు. చేర్చుకున్నప్పుడు వాడి బూట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి నా చేతికిచ్చారు. ఒకదాని లేసు ముడి విప్పకుండానే లాగేసినట్టున్నారు, ముడి అలాగే ఉంది. పెట్టమన్న సంతకాలన్నీ పెట్టాను. ఇక ఏ కాలు విదిలించమంటారు నన్ను? దాన్ని బద్ధకం అంటారా?

మూడోమెట్టు:
మీవాడు దక్కాడు, అందుకే నమ్మకం గెలిచిందంటున్నారు. మా అమ్మకు రొమ్ములో గడ్డ లేచింది. ఇంటికొచ్చే పెద్దాయనొకరు "కోస్తే పాకుతుంది, దేవుడికి వదిలెయ్యమ్మా" అన్నారు. ఆర్నెల్లు వదిలేసింది. చూపించేసరికి ఎముకలకు పాకింది. చివరి వారంలో నన్ను దగ్గరికి పిలిచి, "నా నమ్మకంలో ఏదైనా లోపం ఉందంటావా నాన్నా" అని అడిగింది. పోతూ పోతూ ఆ తప్పు కూడా తన మీదే వేసుకుంది. ఆవిడ పిలిచింది కదా. ఎందుకు రాలేదు మరి?

చిరుదీపం:
వాడు దక్కాడని నేనెక్కడా రాయలేదు.
పన్నెండో రోజు పొద్దున పోయాడు. "ఆయనే చూసుకుంటాడు" అని నేను రాసేది వాడు పోయాక కూడానే. వాడిప్పుడు ఎక్కడున్నా చూసుకుంటాడని. ఆ ఒక్క మాట లేకపోతే నేను మంచం దిగలేను.

చెట్టునీడ:
బైబిల్లో కీర్తనల గ్రంథంలో 88వది చదవండి ఇద్దరూ. మొదటి నుంచి మొరే. ఓదార్పు లేకుండా చీకటి మాటతోనే ముగుస్తుంది. అయినా దాన్ని ప్రార్థనల్లోంచి ఎవరూ తీసేయలేదు.

మూడోమెట్టు:
నిన్న ఏమీ రాయలేకపోయాను. క్షమించండి అమ్మా. బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.
నిజానికి దేవుడితో నాకు తగవు లేదు. నా కోపం ఆ మాట అమ్మకు చెప్పి చెప్పులేసుకుని వెళ్ళిపోయినవాళ్ళ మీద. ఆర్నెల్లూ అదే ఇంట్లో ఉండి, చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళని నా మీద. ఇన్ని రోజులూ మీతో గజేంద్రుడి గురించి వాదించాను గానీ, నాకు రాత్రి తట్టింది ఇది. "నువ్వే దిక్కు" అన్నది మొసలి నోట్లో కాలున్నవాడు. చుట్టూ ఉన్న ఏనుగులు ఆ మాట అనలేదు. అవి వెనక నుంచి పట్టుకుని లాగి చూశాయి.

చిరుదీపం:
నాకూ అలాగే చెప్పారు బాబూ, "దేవుడున్నాడమ్మా" అని వాచీ చూసుకుంటూ. ముక్కూ ముఖం తెలియని ఒకావిడ మాత్రం ఏమీ అనకుండా రెండు రాత్రులు నా పక్క కుర్చీలో కూర్చుంది. తెల్లకాగితం గారికి నేను మొదటి రోజు రాసింది వాచీ చూసుకుంటూ అన్నట్టే ఉంది, ఇప్పుడు చదువుకుంటే.
అయినా లెక్కలు మానేయమన్నది వెనక్కి తీసుకోను. రాత్రి మూడింటికి పడుకుని వేసుకునే లెక్కలు వేరు. అవి ఆయనకు వదిలేయాల్సిందే. పగటి లెక్కలు మీరు చెప్పినట్టే చేయనివ్వండి.

తెల్లకాగితం:
నావి రాత్రి మూడింటివే. అన్నీ చదువుతున్నాను, ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. ఇవాళ నాన్న ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి మూయించాను. ఒక్కో వేలికి ఒక్కోసారి దేవుణ్ణి తలుచుకున్నాను. చిటికెనవేలు కొంచెం తనంతట తానే కదిలినట్టనిపించింది, ఖాయంగా చెప్పలేను. రేపు అప్పిచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్తున్నాను. వచ్చాక రాస్తాను, మీరిద్దరూ ఉండండి.

మూడోమెట్టు:
ఎన్నింటికి వెళ్తున్నారు?