రూట్‌లోని స్టాపులకు కాంపోజిట్ కీ పెట్టాలా, విడిగా ఐడీ ఇవ్వాలా?

మాదాపూర్ మణి:
మా టీమ్‌లో ఈ గొడవ తెగడం లేదు. సిటీ బస్సుల యాప్, జావాలో స్ప్రింగ్ బూట్, టేబుల్ వరసలను (రోలను) జావా ఆబ్జెక్టులుగా మార్చే హైబర్నేట్, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. రూట్ ఒక ఎంటిటీ (సొంత ఐడీతో టేబుల్‌లో ఉండే ఆబ్జెక్ట్), దాని కింద స్టాపుల కలెక్షన్. సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ వెళ్లే 10హెచ్ ఉందనుకోండి. రూట్‌స్టాప్ టేబుల్‌లో రూట్ నంబరు, వరుస సంఖ్య, స్టాప్ కోడ్ ఉంటాయి. మొదటి రెండూ కలిపి ప్రైమరీ కీ (ఒక్కో వరసను గుర్తుపట్టే విలువ), అంటే కాంపోజిట్ కీ చేసి, ఎంబెడెడ్ ఐడీతో మ్యాప్ చేశాం. ఇప్పుడు మా లీడ్ అదంతా పీకేసి మామూలు నంబరు ఐడీ పెట్టమంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

పాత డీబీఏ:
ఉన్నది ఉన్నట్టు ఉంచు బాబూ. రూట్ లేకుండా ఆ వరసకి అర్థమే లేదు, అలాంటప్పుడు దానికి సొంత నంబరు ఎందుకు? మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ డేటాను ప్రైమరీ కీ క్రమంలోనే పెడుతుంది. 10హెచ్ స్టాపులన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఒక్క రేంజ్ రీడ్‌తో వచ్చేస్తాయి. పైగా మైఎస్‌క్యూఎల్‌లో సీక్వెన్సులు (ఇన్సర్ట్‌కు ముందే నంబర్లు ఇచ్చేవి) లేవు. ఆటో ఇంక్రిమెంట్ పెట్టావంటే హైబర్నేట్ ఆ ఎంటిటీకి ఇన్సర్ట్ బ్యాచింగ్ (చాలా ఇన్సర్టులు కలిపి ఒకేసారి పంపడం) మానేస్తుంది. ఐడీ పెట్టి, ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపే యూనిక్ కన్‌స్ట్రెయింట్ మర్చిపోయిన టేబుళ్లు నేను కావలసినన్ని చూశాను. ఒకే రూట్‌లో ఏడో స్టాపులు రెండు! యాప్ వాళ్లకు అది కస్టమర్ ఫోన్ చేస్తే గాని తెలియదు.

కూకట్‌పల్లి కవిత:
సార్, చదవడం గురించి మీరు చెప్పింది నిజమే. మార్చడం సంగతి చూడండి. ఆరో స్టాపుకీ ఏడో స్టాపుకీ మధ్య కొత్తది వచ్చింది. కింద ఉన్నవన్నీ ఒక్కో అంకె జరగాలి. ఆ అంకె ప్రైమరీ కీలో భాగం. మేనేజ్డ్ ఎంటిటీలో (హైబర్నేట్ చేతిలో ఉన్నదానిలో) కీ విలువ మార్చకూడదనేది, హైబర్నేట్ పాటించే జావా ప్రమాణం జేపీఏ నియమం. మారిస్తే ఫ్లష్ (మార్పులను డేటాబేస్‌కు పంపడం) దగ్గర ఐడెంటిఫయర్ మారిందని హైబర్నేట్ ఎక్సెప్షన్ విసురుతుంది. ఇక మిగిలింది పాత వరసలు తీసేసి కొత్తవి పెట్టడమే. టైమింగ్స్ టేబుల్ ఫారిన్ కీతో వాటినే పట్టుకుని ఉంటే అదీ కదలాలి.

పోనీ, వరుస సంఖ్య బదులు స్టాప్ కోడ్ కీలో పెడదామా? బయల్దేరిన చోటికే తిరిగొచ్చే సర్క్యులర్ రూట్‌లో ఒకే స్టాప్ రెండుసార్లు వస్తుంది. అక్కడ ఆ కీ పనికిరాదు.

కొత్త జాయినీ:
అక్కా, ఎలిమెంట్ కలెక్షన్ (సొంత ఐడీ లేని విలువల జాబితా) పెట్టేస్తే ఐడీ గొడవే ఉండదు కదా?

కూకట్‌పల్లి కవిత:
చిన్న జాబితా అయితే బాగానే ఉంటుంది తమ్ముడూ. కానీ ఆర్డర్ కాలమ్ లేని లిస్ట్‌లో ఒక్క స్టాప్ మార్చినా, ఆ రూట్ వరసలన్నీ డిలీట్ చేసి మళ్లీ అన్నీ ఇన్సర్ట్ చేస్తుంది. ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి ఒకసారి చూడు, కళ్లు తిరుగుతాయి. పైగా అందులోవి ఎంటిటీలు కావు కాబట్టి ఇంకో ఎంటిటీ నుంచి వాటిని రిఫర్ చేయలేవు.

పాత డీబీఏ:
వరుస సంఖ్యలు 10, 20, 30 అని వదిలిపెట్టి ఇవ్వండి. మధ్యలో వచ్చినదానికి 65. కీ మార్చే అవసరమే రాదు.

కూకట్‌పల్లి కవిత:
కొత్త స్టాపుకి సరే. ఫ్లైఓవర్ పనులని బస్సును పక్క రోడ్డు మీదికి మళ్లించి, రెండు స్టాపులు అటూ ఇటూ అయితే? అప్పుడు మళ్లీ కీ మార్చాలి. మన ఊళ్లో ఆ పనులు ఎప్పుడు ఆగాయి గనుక! ఇంకోటి మణీ, నీ కాంపోజిట్ కీ ఎప్పుడూ నల్ కాదు. వెర్షన్ ఫీల్డ్ లేకపోతే స్ప్రింగ్ డేటాలోని సేవ్ మెథడ్ దాన్ని పాత ఎంటిటీ అనుకుని మెర్జ్ చేస్తుంది (ఉన్న వరసతో కలపబోతుంది). అంటే ప్రతి కొత్త స్టాపుకీ ముందు ఒక సెలెక్ట్. ఇది కొత్తదో కాదో మనమే చెప్పే పర్సిస్టబుల్ ఇంటర్‌ఫేస్ రాస్తే తప్పుతుంది, ఎవరు రాస్తున్నారు?

కాంపోజిట్ కీ అంటే నాకు పగ లేదు. ఏ స్టాపులో ఏ సౌకర్యం ఉందో చెప్పే లింక్ టేబుల్‌లో అదే సరైనది. ఆ రెండు కోడ్‌లు మారవు, మారితే అది వేరే వరస. వరుస సంఖ్య మాత్రం మారడానికే ఉంది.

పాత డీబీఏ:
ఒప్పుకున్నాననుకో. రూట్, వరుస సంఖ్య మీద యూనిక్ పెట్టాక, ఏడోది తీసేసి అదే నంబరుతో కొత్తది చేరిస్తే ఏమవుతుందో తెలుసుగా? హైబర్నేట్ ఫ్లష్‌లో ఇన్సర్టులు ముందు, డిలీట్లు చివర. డూప్లికేట్ ఎర్రర్ ఖాయం.

కూకట్‌పల్లి కవిత:
తెలుసు సార్. అందుకే అలాంటప్పుడు తీసి పెట్టకుండా, ఉన్న వరసలోనే స్టాప్ కోడ్ మారుస్తాం. లేదా డిలీట్ తర్వాత ఒకసారి ఫ్లష్ చేస్తాం.

మాదాపూర్ మణి:
మరి అన్నీ ఒక అంకె జరిపేటప్పుడు? 7ని 8 చేయబోతే 8 అక్కడే ఉంటుంది కదా.

పాత డీబీఏ:
పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే కన్‌స్ట్రెయింట్‌ను డిఫర్ చేసి, కమిట్ దగ్గర చెక్ చేయమనొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ సౌకర్యం లేదు. అక్కడ కింది నుంచి పైకి, పెద్ద సంఖ్యతో మొదలుపెట్టి జరుపు. అప్‌డేట్‌లో ఆర్డర్ బై డిసెండింగ్ రాస్తే ఒక్క క్వెరీలో అయిపోతుంది. దాన్ని ఎంటిటీల ద్వారా కాకుండా నేరుగా నేటివ్ క్వెరీగా నడిపి, తర్వాత సెషన్ క్లియర్ చేయి. లేదంటే పాత సంఖ్యలే మెమరీలో ఉండిపోతాయి.

మాదాపూర్ మణి:
సరే సార్, విడి ఐడీకే వెళ్తున్నాం. యూనిక్ కన్‌స్ట్రెయింట్ కూడా అదే మైగ్రేషన్ స్క్రిప్ట్‌లో పెడతాను. రివ్యూకి మీకే పంపుతా.