ఇరాక్ యుద్ధం, న్యూయార్క్ టైమ్స్: పక్షపాతం సంపాదకీయంలోనా, మొదటి పేజీలోనా?

కృష్ణాతీరం: పత్రిక ఎటు మొగ్గిందో తెలియాలంటే సంపాదకీయం చదివితే చాలని కొందరంటున్నారు. 2003 మార్చిలో టైమ్స్ సంపాదకీయం భద్రతామండలి మద్దతు లేని యుద్ధం వద్దంది. మొదటి పేజీ మాత్రం ఆరు నెలల ముందే యుద్ధానికి దారి చదును చేసింది. 2002 సెప్టెంబర్ 8న, ఇరాక్ కొనబోయిన అల్యూమినియం గొట్టాలు అణుబాంబు కోసం యురేనియం శుద్ధి చేయడానికేనని పేరు చెప్పని అధికారుల మాటగా వేశారు. అదే రోజు అమెరికా ఉపాధ్యక్షుడు చేనీ టీవీలో ఆ వార్తనే సాక్ష్యంగా చెప్పాడు.

డెస్క్‌మనిషి: సంపాదకీయం యుద్ధం వద్దందని మీరే అన్నారు కదండీ, మరి పక్షపాతం ఏది? అధికారులు చెప్పారు, వేశారు. 13న నిపుణుల అభ్యంతరాలూ వేశారు.

కృష్ణాతీరం: వేశారు, ఎక్కడో లోపల ఏ13 పేజీలో. గొట్టం వ్యాసం 81 మి.మీ., పొడవు 900 మి.మీ. ఇరాక్ వాడే 81 మి.మీ. రాకెట్లకు అతికినట్టు సరిపోయే కొలత. యురేనియం శుద్ధి చేసే యంత్రం సెంట్రిఫ్యూజ్‌కి పనికిరావాలంటే మాత్రం ఆ గొట్టం గోడ మరీ మందం, వ్యాసం మరీ తక్కువ. అమెరికా ఇంధన శాఖ నిపుణులు 2001లోనే ఈ మాట అన్నారు. ఏ13 వార్తలోనేమో ఓక్ రిడ్జ్ లాంటి అణు ప్రయోగశాలల వాళ్లు, గొట్టాలు శుద్ధికేనంటున్న గూఢచారి సంస్థ సీఐఏ పక్షమేనని ఓ అధికారి చెప్పాడు. కాదన్నదే ఓక్ రిడ్జ్ వాళ్లు!

డెస్క్‌మనిషి: పేజీ నంబరు పట్టుకుని వేలాడుతున్నారు. మొదటి పేజీలో పట్టేదే ఆరేడు వార్తలు.

గోదారిగట్టు: నేను రాసిన ఉత్తరం ఒక్కటీ వేయని తెలుగు పేపరుంది. అంతా అమ్ముడుపోయినవాళ్లే.

కృష్ణాతీరం: అది వేరే గొడవ, గోదారి గారూ. పేజీ నంబరే అసలు సంగతి. వాషింగ్టన్ పోస్ట్‌లో ఇరాక్ ఆయుధాల గురించిన ఆధారాలు గట్టిగా లేవని విలేకరి వాల్టర్ పింకస్ రాసింది 2003 మార్చి 16న ఏ17లో వచ్చింది. ఆ వారంలోనే బాంబులు పడ్డాయి. 2002 ఆగస్టు నుంచి అప్పటిదాకా ప్రభుత్వ వాదన మీద మొదటి పేజీలో 140కి పైగా వార్తలు వేశామని ఆ పత్రికే తర్వాత లెక్క తేల్చుకుంది.

డెస్క్‌మనిషి: ఒక్క రాత్రి డెస్కులో కూర్చుంటే తెలుస్తుంది మీకు! ఎడిషన్ వెళ్లిపోతుంటే ఉపాధ్యక్షుడి మాట ఆపేస్తారా? ప్రభుత్వం అబద్ధమాడితే తప్పు ప్రభుత్వానిది. పత్రిక నెత్తిన రుద్దకండి.

చుక్కాని: ఇప్పుడు బయటపడింది అసలు గొడవ: తప్పు ప్రభుత్వానిదా, పత్రికదా అని. ఇంతసేపూ సంపాదకీయం, ఏ13 అంటూ తిరిగారు.

కృష్ణాతీరం: ఆపమనలేదు బాబూ. అధికారి పేరు దాచుకుని పత్రికకు చెప్తాడు, పత్రిక వేస్తుంది, ఆ పత్రికే చెప్పిందని పెద్దలు టీవీలో అంటారు. చూసేవాడికి రెండు ఆధారాలు, ఉన్నది ఒక్కటే. చాలా పత్రికలున్న నైట్ రిడర్ సంస్థ విలేకరులు ల్యాండే, స్ట్రోబెల్ మంత్రుల్ని వదిలి కింది స్థాయి విశ్లేషకుల్ని అడిగారు, అనుమానాలు రాయగలిగారు. వాళ్ల సంస్థ పత్రికల్లోనే కొన్ని ఆ వార్తలు వేయలేదు, అది వేరే సంగతి.

డెస్క్‌మనిషి: పేరు వేయాల్సిందేనంటే రేపట్నుంచి ఎవడూ నోరు విప్పడు. 1971లో వియత్నాం యుద్ధం మీది రహస్య పెంటగాన్ పత్రాల్ని, అవి బయటికిచ్చిన ఎల్స్‌బర్గ్ పేరు వేసి టైమ్స్ అచ్చేసిందా?

కృష్ణాతీరం: అవి దాదాపు 7,000 పేజీలు. చేతికొచ్చాక మూడు నెలలు చూసుకుని వేశారు. గొట్టాల వార్తకి అలాంటి కాగితం ఒక్కటి చూపించండి.

డెస్క్‌మనిషి: రహస్య పత్రం విలేకరికి చూపిస్తారా ఎక్కడైనా? మళ్లీ మొదటికొచ్చాం.